చల్లదనం ఖరీదెంత? కంది, పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలో వేసవి లెక్కలు

(మా వాణిజ్య విలేఖరి)

ఈ పేజీలో ‘కంది’ అన్న మాట కనబడగానే క్వింటాలు ధర కోసం వెదకే పాఠకులు క్షమించాలి. ఇది పప్పు సంగతి కాదు. ముంబయి రోడ్డు మీద పటాన్‌చెరు దాటి సంగారెడ్డికి వెళ్లే దారిలో ఉన్న కంది సంగతి. అక్కడ ఇప్పుడు అన్నిటికంటె నిలకడగా గిరాకీ పెరుగుతున్న సరుకు ఒకటున్నది. దానికి బస్తా లేదు, తూకం లేదు. దాని పేరు చల్లదనం.

ఎయిర్ కండిషనర్ల వర్తకులకు ఈ సరుకు తీరు బాగా తెలుసు. 2024 వేసవిలో ఎండలు దంచి కొట్టగా ఏ.సి.ల అమ్మకాలు దేశమంతటా రికార్డు స్థాయికి చేరినవి. అది చూసి 2025కు ముందుగానే సరుకు నింపుకున్నవారికి మే నెల వానలు దెబ్బ తీసినవి. నైరుతి రుతుపవనాలు మే 24కే కేరళ తాకినవి; 2009 తర్వాత అంత ముందుగా రావడం అదే. డీలర్ల వద్ద నిల్వలు మిగిలినవి. ఆ ఏడాది సెప్టెంబరు 22 నుంచి ఏ.సి.ల మీద జి.ఎస్.టి. 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది గనుక, పాత నిల్వలకు కొంత ఊపిరి దొరికింది.

ఇది ఒక సీజను నుంచి మరో సీజనుకు ఎగుడుదిగుడు. అడుగున ఉన్న ధోరణి మాత్రం ఎటూ తిరగడం లేదు. కేంద్ర ప్రభుత్వం 2019 మార్చిలో ప్రకటించిన శీతలీకరణ కార్యాచరణ ప్రణాళిక ప్రకారం, 2017-18లో దేశానికి ఎంత చల్లదనం అవసరమైనదో 2037-38 నాటికి దానికి సుమారు 8 రెట్లు అవసరమవుతుంది. ఇరవై ఏళ్లలో 8 రెట్లు పెరిగే సరుకు మరొకటి ఈ పేజీలో కనబడదు.

ఏ.సి.లు అమ్మనివారికి ఇందులో పని లేదనుకోరాదు. మిర్చి, చింతపండు, బెల్లం నిల్వ పెట్టేవారు, విత్తనాల వ్యాపారులు, మందుల ముడిసరుకు ఏజంట్లు అందరూ చల్లదనానికి కొనుగోలుదారులే. వేడికి చింతపండు నల్లబడితే, మిర్చి ఎరుపు తగ్గితే బేరంలో ఎంత కోత పడుతుందో కమీషన్ దుకాణాలవారికి చెప్పనక్కరలేదు. పటాన్‌చెరులో 1972లో స్థాపించిన ఇక్రిశాట్ జన్యుబ్యాంకులో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ తదితర పంటల విత్తన నమూనాలు లక్షా ఇరవై వేలకు పైగా ఉన్నవి. మధ్యకాలపు నిల్వకు 4 డిగ్రీలు, దీర్ఘకాలపు నిల్వకు మైనస్ 20 డిగ్రీలు ఏడాది పొడవునా నిలపాలి. అసలు కందికి, ఈ కందికి చుట్టరికం అక్కడ కుదిరింది.

టన్ను ఏమిటి?

వర్తకులకు టన్ను అంటే వెయ్యి కిలోలు. ఏ.సి. టన్ను అది కాదు. ఇంట్లో పెట్టిన ఏ.సి. బరువు టన్నున్నర ఎందుకుంటుందని అడిగే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు గనుక చెప్పవలసి వస్తున్నది. అమెరికాలో చల్లదనాన్ని మంచు దిమ్మలతో కొలిచే రోజుల్లో పుట్టిన కొలత ఇది. అక్కడి టన్ను 2,000 పౌనులు, అంటే సుమారు 907 కిలోలు. అంత మంచు 24 గంటల్లో కరిగేటప్పుడు ఎంత వేడిని పీల్చుకుంటుందో అది ఒక టన్ను చల్లదనం. నేటి లెక్కలో సుమారు మూడున్నర కిలోవాట్లు. టన్నున్నర ఏ.సి. రోజంతా పూర్తి శక్తితో నడిస్తే సుమారు 1,360 కిలోల మంచు కరగబెట్టినంత పని చేస్తుంది.

ఈ పనికి ఎంత కరెంటు పడుతుందన్నది యంత్రాన్ని బట్టి ఉంటుంది. ఒక యూనిట్ కరెంటుతో మూడున్నర యూనిట్ల వేడిని బయటకు తోసే యంత్రమైతే టన్నున్నరకు గంటకు యూనిట్నర పడుతుంది. అయిదు యూనిట్ల వేడిని తోసేదైతే ఒక్క యూనిట్ చాలు. తేడా గంటకు అర యూనిట్‌కు కొంచెం లోపు. రోజుకు 8 గంటలు, ఏడాదికి 120 రోజుల చొప్పున చూస్తే 430 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలు అనుకుంటే దాదాపు 3,450 రూపాయలు. స్టార్ గుర్తులకు ఎక్కువ పెట్టిన ధర ఎన్నాళ్లలో తిరిగి వస్తుందో ఈ లెక్కతో ఎవరికి వారు వేసుకోవచ్చును.

డబ్బు ఖర్చు లేని పొదుపు మరొకటున్నది. ఏ.సి. ఉష్ణోగ్రతను ఒక్క డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య బ్యూరో అంచనా. 2020 జనవరి 1 నుంచి స్టార్ గుర్తు గల గది ఏ.సి.లు 24 డిగ్రీల వద్దే మొదలయ్యేట్టు తయారవుతున్నది అందుకే. ఖాతాదారు కాలు పెట్టగానే వణకాలని దుకాణంలో 18 డిగ్రీలు పెట్టేవారు, 24తో పోలిస్తే బిల్లులో మూడో వంతు దాకా గాలికి వదలుతున్నట్లే.

అయితే ఒక గది చల్లబడితే వీధి వేడెక్కుతుంది. గదిలోంచి తీసిన వేడి, దానికి తోడు కంప్రెసర్ వాడిన కరెంటు వేడి, రెండూ బయటి యూనిట్ గుండా బజారులోనే పడతవి. మూడు పాళ్లు లోపల తీస్తే నాలుగు పాళ్లు బయట పోస్తుంది. పగలంతా కాగిన సిమెంటు, తారు రోడ్లు రాత్రి ఆ వేడిని వదులుతుంటే, దానిమీద ఈ నాలుగు పాళ్లు. పక్క దుకాణంవాడు ఏ.సి. పెట్టినందుకు మన దుకాణంలో ఫ్యాను చాలకుండా పోతున్నదంటే అది అసూయ మాట కాదు. ఎవరికి వారు కొనుక్కుంటే తీరే అవసరం కాదు గనుకనే నగరపాలకుల పాత్ర ఇందులోకి వచ్చింది.

కరెంటుకు రెండు శిఖరాలు

మన రాష్ట్రంలో విద్యుత్ గిరాకీ తీరు కొంచెం విచిత్రం. రాష్ట్రం మొత్తం మీద గిరాకీ మార్చిలోనే పతాకస్థాయికి చేరుతున్నది. 2024 మార్చి 8న 15,623 మెగావాట్లు, 2025 మార్చి 20న 17,162 మెగావాట్లు నమోదైనవి. అప్పుడు యాసంగి పైర్లకు బోరుమోటార్లు నడుస్తుంటవి. పంట కోతకు వచ్చి మోటార్లు ఆగేసరికి ఆ శిఖరం దిగుతుంది. హైదరాబాద్ నగరపు శిఖరం మాత్రం మే నెలలో వస్తుంది. 2024 మే మొదటి వారంలో గ్రేటర్ పరిధి గిరాకీ 4,300 మెగావాట్లు దాటింది. అది ఏ.సి.ల గిరాకీ. దేశం మొత్తానికి 2024 మే 30న 250 గిగావాట్ల గరిష్ఠ గిరాకీ వచ్చింది.

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం వంటి చోట్ల ఫ్యాక్టరీలు ఈ రెంటి మధ్య ఉన్నవి. మార్చిలో పొలాలతో, మే నెలలో నగరంతో కరెంటుకు పోటీ పడవలసిన స్థితి.

విద్యుత్తు కూడా ఇప్పుడు పూర్తి స్థాయి సరుకే. ఎక్స్ఛేంజిలో పదిహేను నిమిషాలకు ఒక ధర పలుకుతుంది. సూర్యకాంతి ఉన్న వేళల్లో సౌర విద్యుత్తు వచ్చిపడి ధర జారుతుంది. పొద్దు దిగాక, ఇళ్లలో ఏ.సి.లు మొదలయ్యేసరికి యూనిట్ 10 రూపాయల పరిమితి దాకా ఎగబాకిన సందర్భాలున్నవి. 2025 జూలైలో ఎం.సి.ఎక్స్., ఎన్.ఎస్.ఇ.లలో విద్యుత్ వాయిదా వ్యాపారం మొదలైంది. లాటు 50 మెగావాట్-గంటలు, అంటే 50,000 యూనిట్లు, పరిష్కారం నగదులోనే. ఎండల అంచనా మీద బేరం ఆడడం ఏ.సి. డీలర్లకే పరిమితమైన ఆట కాదిప్పుడు. ఈ పేజీ పాఠకులు పత్తిలో, పసుపులో దెబ్బతిని నేర్చుకున్న జాగ్రత్తలు ఇక్కడ కూడా మరువరాదు.

తెల్ల పైకప్పు లెక్క

నగరాన్ని చల్లబరచడానికి అన్నిటికంటె చవక మార్గం పైకప్పుకు తెలుపు వేయడం. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్ 3న 2023-28 కాలానికి కూల్ రూఫ్ విధానాన్ని ప్రకటించింది. దాని ప్రకారం ప్రభుత్వ భవనాలకు, వాణిజ్య భవనాలకు ఇది తప్పనిసరి. నివాస గృహాలలో 600 చదరపు గజాలకు మించిన స్థలాలలో తప్పనిసరి, అంతకు లోపు ఐచ్ఛికం. అయిదేళ్లలో 300 చదరపు కిలోమీటర్ల పైకప్పు లక్ష్యం: హైదరాబాద్‌లో 200, మిగతా రాష్ట్రంలో 100. ఖర్చు చదరపు మీటరుకు సుమారు 300 రూపాయలని అప్పట్లో చెప్పారు. లక్ష్యం నెరవేరితే ఏటా 60 కోట్ల యూనిట్లు ఆదా అని అంచనా.

వర్తకులు ఈ అంకెలను కొంచెం తిరగేసి చూడాలి. 300 చదరపు కిలోమీటర్లు అంటే 30 కోట్ల చదరపు మీటర్లు. మీటరుకు 300 చొప్పున 9,000 కోట్ల రూపాయల సరుకు, కూలీ. తెల్ల రంగు, తెల్ల సిమెంటు, సున్నం, తెల్ల పెంకు ముక్కలు, పొరలు, అన్నిటికీ కలిపి. రంగుల తయారీలో 1985 నుంచి పటాన్‌చెరుకు స్థానం ఉన్నది. ఏషియన్ పెయింట్స్ ఇక్కడ ఫ్యాక్టరీ పెట్టినది ఆ ఏడే. తెల్ల రంగుకు ప్రాణం టైటానియం డయాక్సైడ్. కేరళ తీరపు ఇసుక నుంచి మన దేశంలో కొంత తయారైనా, దిగుమతుల మీద ఆధారం ఎక్కువ. కాబట్టి డాలరు కదిలితే తెలుపు ధర కదులుతుంది.

మరి పైకప్పు యజమానికి ఏం గిడుతుంది? ఇందుకు మన దగ్గరే కొలిచిన లెక్క ఉన్నది. హైదరాబాద్ ట్రిపుల్ ఐ.టి., అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల పరిశోధకులు నగరంలో ఏ.సి. గల వాణిజ్య భవనాల మీద కొలతలు తీసి 2012లో ప్రచురించారు. మామూలు కాంక్రీటు కప్పును తెల్లగా చేస్తే చదరపు మీటరుకు ఏటా 13-14 యూనిట్లు, నల్ల కప్పును తెల్లగా చేస్తే 20-22 యూనిట్లు ఆదా అయినవి. చల్లదనానికి వాడే కరెంటులో 10 నుంచి 26 శాతం దాకా మిగిలింది.

పదివేల చదరపు అడుగుల కప్పు తీసుకుందాం; అది 929 చదరపు మీటర్లు. ఖర్చు సుమారు 2 లక్షల 79 వేల రూపాయలు. కాంక్రీటు కప్పుకు ఏటా 13 యూనిట్ల చొప్పున 12,077 యూనిట్లు, యూనిట్ 8 రూపాయలైతే 96,600 రూపాయలు. మూడేళ్ల లోపు పెట్టుబడి తిరిగి వస్తుంది. నల్ల కప్పుకైతే రెండేళ్ల లోపే. వడ్డీ లెక్కలోకి తీసుకున్నా చెడ్డ బేరం కాదు.

ఇక్కడొక మెలిక ఉన్నది. ప్రభుత్వ అంచనా 60 కోట్ల యూనిట్లను 30 కోట్ల చదరపు మీటర్లకు పంచితే మీటరుకు రెండు యూనిట్లే వస్తుంది. కొలిచినదేమో పదమూడు. ఈ రెండు అంకెలకూ పేచీ లేదు. పదమూడు ఏ.సి. ఉన్న భవనానిది. రాష్ట్రంలో అత్యధిక ఇళ్ల కప్పుల కింద ఏ.సి. లేదు, అక్కడ తెలుపు వేస్తే బిల్లు తగ్గదు, ఉక్క తగ్గుతుంది. 2017లో హైదరాబాద్‌లో 25 పేద ఇళ్ల కప్పుల మీద చల్లని పొర పరచి చూడగా లోపల గాలి సగటున 2 డిగ్రీలు తగ్గింది. ఆ రెండు డిగ్రీలకు మీటరులో అంకె పడదు. అంకె పడని లాభానికి పెట్టుబడి పెట్టేవారెవరన్నదే ఈ విధానం ముందున్న అసలు చిక్కు. కనీసం మురికివాడల కప్పులకు అధికారులు తామే ముందుకు రాకపోతే, 600 గజాల లోపు ‘ఐచ్ఛికం’ అన్న మాటకు అర్థం ‘జరగదు’ అనే వర్తకులు తీసుకుంటారు. అహ్మదాబాద్ నగరపాలక సంస్థ 2017లో స్వచ్ఛంద సేవకులతో మూడు వేలకు పైగా కప్పులకు సున్నం వేయించింది. సున్నమైనా చాలునన్నదానికి అది నిదర్శనం. మనకు పిడుగురాళ్ల సున్నం ఉండనే ఉన్నది.

తెలుపులో రెండు జాగ్రత్తలు. మొదటిది దుమ్ము. ముంబయి రోడ్డు లారీల దుమ్ము, పొగ గొట్టాల మసి పడే పటాన్‌చెరులో తెలుపు మొదటి ఏడాదిలోనే మాసిపోతుంది, దానితో పాటు ఆదా కూడా మాసిపోతుంది. ఎండలకు ముందు, అంటే శివరాత్రి నాటికి, ఒకసారి కడిగించడం ఖర్చులో కలుపుకోవాలి. ఉత్త సున్నమైతే ఒక వానాకాలానికి కొట్టుకుపోతుంది. రెండవది రేకు. కొత్త జింకు రేకు అద్దంలా మెరుస్తుంది గదా, వేడి పట్టదనుకుంటారు. అది ఎండను కొంత వెనక్కు కొట్టే మాట నిజమే గాని, పట్టిన వేడిని ఆకాశానికి వదలదు. చేయి పెట్టలేనంతగా కాగుతుంది. తెల్ల రంగు రెండు పనులూ చేస్తుంది. మెరుపును చూసి మోసపోరాదు.

కందిలో గడ్డి ఇటుక

ఐ.ఐ.టి. హైదరాబాద్ 2008లో ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఆవరణలో మొదలై, 2015లో కందిలోని సొంత ప్రాంగణానికి చేరింది. 2021 సెప్టెంబరులో ఆ ప్రాంగణంలో ఒక చిన్న కట్టడం ప్రారంభమైంది. కాపలాదారు గది. గొప్ప భవనమేమీ కాదు. దాని ఇటుకలే విశేషం. వరిగడ్డి, చెరకు పిప్పి, పత్తి కట్టె వంటి వ్యవసాయ వ్యర్థాలను నలగ్గొట్టి, సున్నపు ముద్దతో కలిపి అచ్చులో పోసి ఆరబెట్టినవి. కాల్చే పని లేదు. బరువు కాల్చిన మట్టి ఇటుకలో ఎనిమిదో వంతు. ఆ గది కప్పు మీద కూడా రేకులపై ఈ ఇటుకలు పరచినందున లోపలి వేడి 5-6 డిగ్రీలు తగ్గుతుందని పరిశోధకులు తెలిపారు.

కిటుకు గాలిలో ఉన్నది. పిప్పి సందుల్లో చిక్కిన గాలి వేడిని తేలికగా పోనివ్వదు. మన పాత మిద్దె ఇళ్ల మట్టి కప్పు కింద, తాటాకు పాక కింద ఉన్న చల్లదనానికి దగ్గర చుట్టమే ఇది. అయితే ఈ ఇటుక బరువు మోయలేదు. ఇనుప చట్రమో, కర్ర చట్రమో ఉండి, మధ్య గోడగా, కప్పు మీద పరుపుగా వాడాలి. పైన సిమెంటు పూత పడాలి. కాబట్టి బట్టీల ఇటుకకు ఇది పోటీ అని ఎవరూ కంగారు పడనక్కరలేదు. షెడ్లలో కప్పు కింద వేసే థర్మోకోల్, గాజుదూది పలకలకు పోటీ కాగలదు.

వ్యాపార సరళిలో చూస్తే సంగారెడ్డి జిల్లాకు ఇందులో అనుకూలత ఉన్నది. జహీరాబాద్ వైపు చెరకు, సదాశివపేట వైపు పత్తి. అయితే పిప్పి మీద ఆశ పెట్టుకోవడం మంచిది కాదు. చక్కెర మిల్లులు దానిని తమ బాయిలర్లలోనే కాలుస్తవి, మిగిలితే కాగితం మిల్లులు కొంటవి. దొరికేది పత్తి కట్టె, వరిగడ్డి. పత్తి కట్టెను రైతు ఏరించి చేనిలోనే తగులబెడుతున్నాడు. గడ్డికి పశువుల మేతగా ధర ఉన్నది. పోగు చేయడం, నలగ్గొట్టడం, రవాణా - ఈ మూడింటిలోనే ఖర్చంతా. తేలిక సరుకు గనుక లారీ బరువుకు ముందే నిండిపోతుంది. దూదిబేళ్లు కట్టక ముందు పత్తి రవాణాలో పడ్డ బాధే ఇది. యాభై కిలోమీటర్ల లోపు ముడిసరుకు, ఆ లోపునే గిరాకీ ఉంటే తప్ప గిట్టుబాటు కాదన్నది నా అంచనా. పాశమైలారం షెడ్లు, జిల్లా పత్తి చేలు ఆ దూరంలోనే ఉన్నవి.

రేకుల కింద మనిషి

షెడ్డులో యంత్రానికి చల్లదనం కావాలంటే యజమాని వెంటనే ఒప్పుకుంటాడు. మనిషికి కావాలంటే ఆలోచిస్తాడు. ఆ ఆలోచనకు కూడా లెక్క ఉన్నది. ఇ. సోమనాథన్, మరి ముగ్గురు ఆర్థికవేత్తలు దేశంలోని ఫ్యాక్టరీల సమాచారం పరిశీలించి 2021లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఏడాది సగటు ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే ఫ్యాక్టరీ ఉత్పత్తి సుమారు 2 శాతం తగ్గుతున్నది. వేడికి కార్మికుని చేయి మందగిస్తుంది, హాజరు తగ్గుతుంది. షెడ్డులో చల్లదనం కల్పిస్తే చేయి మందగించడం తగ్గింది గాని, హాజరు మెరుగుపడలేదు. కారణం ఊహించడం కష్టం కాదు: కార్మికుడు రాత్రి పడుకునేది యజమాని షెడ్డులో కాదు, ఇస్నాపూర్ లోనో, రుద్రారంలోనో రేకుల గదిలో. రాత్రి నిద్ర లేనివాడు ఉదయం షిఫ్టుకు రాడు.

ఏడాదికి పది కోట్ల రూపాయల సరుకు తయారు చేసే చిన్న పరిశ్రమకు 2 శాతం అంటే 20 లక్షలు. కప్పుకు తెలుపు, గోడకు గాలి తోసే ఫ్యాన్లు, మధ్యాహ్నపు షిఫ్టును ఉదయానికి జరపడం, చల్లని నీరు, అన్నీ కలిపినా అంత కావు. కార్మికుల అద్దె గదుల కప్పులకు కూడా తెలుపు వేయించడం యజమానికి దానం కింద కనబడవచ్చు. పై పరిశోధన చూస్తే అది హాజరు పట్టీలో పెట్టుబడి.

ప్రాణాల లెక్క వేరు. 2015 మే నెలలో వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో కలిపి రెండు వేలమందికి పైగా చనిపోయారు. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, మృతుల కుటుంబాలకు 4 లక్షల రూపాయల పరిహారం నిర్ణయించింది. అంతకు ముందు ఆపద్బంధు కింద ఇచ్చినది 50 వేలు. హమాలీలు, లారీ కార్మికులు, యార్డుల్లో తూకం కూలీలు ఎండలో పనిచేసేవారిలో ముందుంటారు. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా దించడం, ఎక్కించడం ఆపడానికి యార్డులకు ప్రత్యేక చట్టం అక్కరలేదు. కమీషన్ ఏజంట్ల సంఘం తీర్మానం చాలు.

రాత్రి చేసి పగలు వాడడం

హెచ్.టి. పారిశ్రామిక కనెక్షన్లకు రాష్ట్రంలో వేళను బట్టి ధర ఉన్నది. ఉదయం 6 నుంచి 10, సాయంత్రం 6 నుంచి 10 వాడకానికి అదనపు ఛార్జీ. రాత్రి 10 నుంచి తెల్లవారి 6 వరకు రాయితీ. చల్లదనం నిల్వ ఉండే సరుకు కాకపోతే ఇందులో లాభం లేదు. కాని అది నిల్వ ఉంటుంది. రాత్రి చవక కరెంటుతో మంచు గడ్డకట్టించి, లేదా ఉప్పుద్రావణపు పలకలను గడ్డకట్టించి, పగలు కంప్రెసర్ ఆపి దానితో గదిని చల్లగా ఉంచవచ్చును. రాత్రి బయటి గాలి చల్లన గనుక యంత్రానికి శ్రమ కూడా తక్కువ. శీతల గిడ్డంగులకు ఇది బాగా అతుకుతుంది. వాటి గోడలు ఎలాగూ మందంగా ఉంటవి. ఐసు ఫ్యాక్టరీలవారు తరతరాలుగా చేస్తున్న పని ఇదే గదా.

ఇదే సూత్రాన్ని ఒక పేటకంతా అన్వయిస్తే ‘డిస్ట్రిక్ట్ కూలింగ్’ అవుతుంది. ఎవరికి వారు ఏ.సి. ప్లాంటు పెట్టుకోకుండా, ఒకే పెద్ద ప్లాంటు చల్లని నీటిని గొట్టాల ద్వారా భవనాలకు పంపి మీటరు వేసి అమ్ముతుంది. అందరికీ ఒకేసారి గిరాకీ రాదు గనుక మొత్తం యంత్రశక్తి తక్కువ సరిపోతుంది. శీతల గిడ్డంగిలో ఎవరి బస్తాలు వారివైనా గది ఒక్కటే అయినట్లు. గుజరాత్ గిఫ్ట్ సిటీలో 10,000 టన్నుల ప్లాంటుతో ఇది 2015 నుంచి నడుస్తున్నది. తెలంగాణలో 2023 మేలో యు.ఎ.ఇ.కి చెందిన తబ్రీద్ సంస్థతో హైదరాబాద్ ఫార్మా సిటీకి 1,25,000 టన్నుల దాకా, 1,600 కోట్ల రూపాయల పెట్టుబడితో అవగాహన కుదిరింది. ఆ ఏడాది చివర ప్రభుత్వం మారింది, ఫార్మా సిటీ ప్రణాళికే మారిపోయింది. కొత్త పేట కోసం ఎదురు చూడడం కంటె, చల్లని నీటి అవసరం రాత్రింబగళ్లు ఉండే బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీలు పక్కపక్కనే ఉన్న ఈ పాత పేటలలో చిన్న ఎత్తున మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం.

నీటి సంగతి మరువరాదు. కూలింగ్ టవరు ఒక టన్ను చల్లదనానికి గంటకు ఆరు లీటర్లకు పైగా నీటిని ఆవిరి చేస్తుంది. వెయ్యి టన్నుల ప్లాంటుకు రోజుకు లక్షన్నర లీటర్లు. 2016 వేసవికి సింగూరు, మంజీర ఎండిపోయి హైదరాబాద్‌కు అక్కడి నుంచి నీరు ఆగిపోయిన సంగతి ఇక్కడివారికి గుర్తుండే ఉంటుంది. వాడిన నీటిని శుద్ధి చేసి టవర్లకు మళ్లించే ఏర్పాటు లేనిదే పెద్ద ప్లాంట్లకు అనుమతి ఇవ్వడం తాగునీటితో బేరం ఆడడమే.

గ్యాసు కొనేవారికి

మరమ్మతు వర్తకంలో ఉన్నవారు తేదీలు గుర్తు పెట్టుకోవాలి. ఆర్-22 గ్యాసుతో కొత్త యంత్రాల తయారీ 2025 జనవరి 1 నుంచి ఆగిపోయింది. పాత యంత్రాల మరమ్మతుకు గ్యాసు సరఫరా ఏటేటా తగ్గుతూ 2030 నాటికి దాదాపు ముగింపుకు వస్తుంది. దాని స్థానంలో వచ్చిన హెచ్.ఎఫ్.సి. గ్యాసులకు కూడా గడువు ఉన్నది. కిగాలీ ఒప్పందాన్ని భారతదేశం 2021లో ఆమోదించింది. దాని ప్రకారం 2028లో వాడకం పెరగకుండా కట్టు పడుతుంది, 2032 నుంచి తగ్గింపు మొదలవుతుంది. అందువల్ల ఆర్-22 సిలిండర్లకు కొరత ధర, కల్తీ రెండూ తప్పవు. బిల్లు లేని సిలిండరు చవకగా వస్తే, అందులో మండే గ్యాసు కలిసి ఉండవచ్చునన్న భయం వట్టిది కాదు. కంప్రెసర్‌తో పాటు మెకానిక్ ప్రాణం కూడా పోవచ్చును.

శీతల గిడ్డంగులలో అమ్మోనియా వాడేవారికి ఈ ఒప్పందాల బాధ లేదు. వారికి ఉన్న బాధ వేరు: లీకు. వేసవికి ముందు వాల్వులు, గొట్టాల అతుకులు పరీక్ష చేయించి, ముఖతొడుగులు అందుబాటులో ఉంచారో లేదో సరుకు పెట్టేవారు స్వయంగా చూసుకోవాలి. మిర్చి, చింతపండు బస్తాలకు బీమా తీసుకునేటప్పుడు అమ్మోనియా లీకు వల్ల సరుకు వాసన పట్టి చెడితే నష్టం చెల్లిస్తారా అన్న నిబంధన పాలసీలో ఎక్కడున్నదో చదివి, లేకపోతే రాయించుకున్న తరువాతే రసీదు తీసుకోవడం మంచిది.